సగటు విద్యార్థిని

మా కాలేజీలో ఎంటెక్ కంప్యూటర్ ఇంజినీరింగుకి పద్దెనిమిది సీట్లు. వాటికి విపరీతమైన గిరాకీ ఉందనీ, ఆలసించిన ఆశాభంగం అనీ పేపర్లో ప్రకటన చూసి పరుగున వెళ్లి చేరాను. తీరా మొదటి రోజు క్లాసుకి వెళ్తే పద్దెనిమిది కుర్చీలకీ నేనొక్కదాన్నే.

భీమవరం దారిలో రొయ్యల చెరువుల మధ్య ఉంటుంది ఆ కాలేజీ. నేనెందుకు చేరానో ముందే చెప్పేస్తాను. నా పేరు బొడ్డు వారిజ. ఆరేళ్లుగా ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో గెస్టు లెక్చరర్ని. గెస్టన్న పేరే గాని ఆ మర్యాదలేవీ ఉండవు. పాఠం చెప్పిన గంటకి డబ్బులు, చెప్పని నెలకి దణ్ణాలు. ఆ ఏడు ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇచ్చింది. రెండేళ్ల తర్వాత వచ్చే జూన్ ముప్పైలోగా ఎంటెక్ మొదటి తరగతి పట్టా చూపించిన గెస్టుల్ని పర్మనెంటు చేస్తారట. ఆ ఒక్క కాగితం కోసం, పొద్దున అక్కడ పాఠం చెప్పి, మధ్యాహ్నం ఇక్కడ పాఠం వినడానికి సిద్ధపడ్డాను.

ఒక్కదాన్నే కదా అని కాలేజీ వాళ్లు నిబంధనల్లో ఏమీ తగ్గించలేదు. ర్యాగింగ్ చేయనని నా చేత హామీపత్రం రాయించుకున్నారు. జరిగితే ఫిర్యాదు చేయాల్సిందీ నేనే. క్లాసు ప్రతినిధిని ఎన్నుకోవాలన్నారు. రహస్య ఓటింగు పెట్టారు. నేను ఓటేస్తుంటే ఎవరూ చూడకుండా అందరూ వరండాలోకి వెళ్లి నిలబడ్డారు. ఏకగ్రీవంగా గెలిచాను.

ఇవన్నీ సరదాగానే ఉండేవి. మొదటి సెమిస్టరు ఫలితాలు వచ్చాకే నిబంధన పద్నాలుగు సంగతి తెలిసింది.

ఈ నిబంధన డాక్టర్ గుండిమెడ భూషణరావు గారి సృష్టి. ఆయన మా కంప్యూటర్ విభాగానికి అధిపతి, పరీక్షల విభాగానికీ ఆయనే అధిపతి. డాక్టరేటు మాత్రం రాళ్ల మీద. భూగర్భశాస్త్రం విభాగం మూతపడ్డప్పుడు ఆయన్ని ఎక్కడ పెట్టాలో తెలియక, ఖాళీగా ఉన్న కంప్యూటర్ల మీద కూర్చోబెట్టారు. కాలేజీకి సొంతంగా పరీక్షలు పెట్టుకునే అధికారం రాగానే ఆయన పెద్ద పెద్ద విద్యాసంస్థలన్నీ తిరిగి ఆధునిక మూల్యాంకనం అనేదాన్ని పట్టుకొచ్చారు. దాని ప్రకారం ఎన్ని మార్కులు వచ్చాయన్నది ముఖ్యం కాదు. తరగతి సగటు కంటే ఎక్కువ వస్తే మొదటి తరగతి. సగటుకి సమానంగా వస్తే రెండో తరగతి. సగటు కంటే తక్కువ వస్తే తప్పినట్టు.

నాకు తొంభై నాలుగు వచ్చాయి. పక్కన రెండో తరగతి అని ఉంది. అచ్చుతప్పేమో అనుకుని ఆయన గదికి వెళ్లాను.

"సార్, తొంభై నాలుగొస్తే రెండో తరగతేంటండీ?"

ఆయన పచ్చ సిరా పెన్ను మూతపెట్టి, కళ్లజోడు తీసి, నా వైపు జాలిగా చూశారు. "అమ్మా వారిజా, మార్కు అనునది స్వతహాగా ఏమీ కాదు. అది సాపేక్షం. మీ తరగతి సగటు ఎంత?"

"తొంభై నాలుగండి."

"తమరికి వచ్చినవి?"

"తొంభై నాలుగేనండి."

"అనగా తమరు సగటు విద్యార్థిని. ఇందులో నా ప్రమేయం గాని, సంస్థ ప్రమేయం గాని లేదు. మరికొంచెం శ్రమించి సగటును అధిగమించండి."

"నాకెన్నొస్తే సగటు అంతే అవుతుంది కదండీ. నేను పెరిగితే అదీ పెరుగుద్ది. మన నీడని మనం దాటగలమేంటండీ?"

"ఆత్మవిశ్వాసం అత్యావశ్యకం" అని ఆయన మళ్లీ పెన్ను మూత తీశారు.

నాకు తిక్క రేగింది. రెండో సెమిస్టరు పరీక్షలు ఆవకాయ రోజుల్లో పడ్డాయి. మూడు ప్రశ్నలు రాసి, మామిడికాయలు కొట్టించుకోవడానికి ఇంటికి వెళ్లిపోయాను. నలభై ఒకటి వచ్చాయి. పక్కన యథాప్రకారం రెండో తరగతి. పైగా ప్రశంసాపత్రం ఒకటి వచ్చింది, రెండు సెమిస్టర్లూ తరగతి సగటును ఏమాత్రం చెదరకుండా నిలబెట్టినందుకు అభినందనలని.

సెమిస్టర్ల సంగతి ఎలా ఉన్నా పట్టా మీద అచ్చయ్యే తరగతి రెండో ఏడు చివర జరిగే సమగ్ర పరీక్షని బట్టి ఉంటుంది. అక్కడా ఇదే లెక్కయితే నేను నూటికి నూరు తెచ్చుకున్నా రెండో తరగతే. పాలిటెక్నిక్ ఉద్యోగానికి నీళ్లొదులుకోవడమే. అందుకని వినతిపత్రం ఇచ్చాను. నా ఒక్కదాని గురించి ఆలోచించడానికి ఏడుగురితో సంఘం వేశారు. ఉప్మా, జీడిపప్పు, రెండు విడతల కాఫీ లోపలికి వెళ్లాక తీర్మానం బయటికి వచ్చింది.

"నిబంధన యందు లోపమేమియు లేదనియు, లోపము విద్యార్థుల సంఖ్య యందే యున్నదనియు సంఘము ఏకగ్రీవముగా అభిప్రాయపడినది. కావున సదరు విద్యార్థిని కంటె తక్కువ మార్కులు పొందు నిమిత్తము, సంస్థలో పనిచేయుచున్న అర్హుడొకరిని రెండవ విద్యార్థిగా నేరుగా రెండవ సంవత్సరమున చేర్చుకొనవలెనని తీర్మానించడమైనది."

ఆ అర్హుడు పిల్లి ఏసుదాసు గారు. మా లాబ్ టెక్నీషియన్. ఈ కాలేజీలోనే రెండో బ్యాచిలో బీటెక్ చేశారు. ఉద్యోగం దొరికేదాకా నాలుగు నెలలు లాబ్ చూసుకోమంటే సరేనని, ఇరవై రెండేళ్లుగా చూసుకుంటూనే ఉన్నారు. కాలేజీలో ఏ తీగ ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతుందో ఆయనకి తప్ప దేవుడికి కూడా తెలియదు. ఆయనకి ఇచ్చిన ఉత్తర్వు చూపించారు. తక్కువ మార్కులు తెచ్చుకోవడం ఆయన అదనపు బాధ్యతగా అందులో రాసి ఉంది.

"మీకేం బెంగొద్దమ్మా" అన్నారు. "ఇన్నేళ్లలో ఇంత సులువైన పని ఎవరూ చెప్పలేదు నాకు."

ఆయన వచ్చాక నాకు చదువంటే ఏమిటో తెలిసింది. అది మాత్రం నిజం. పుస్తకంలో నాలుగు పేజీలున్న సంగతిని ఆయన రెండు తీగలు చేతిలో పట్టుకుని నాలుగు మాటల్లో చెప్పేసేవారు. నేను అడగడం, ఆయన చెప్పడం. అలా ఆర్నెల్లు గడిచాయి. మూడో సెమిస్టరు ఫలితాలు గోడకి అంటించారు. ఏసుదాసు గారికి తొంభై ఒకటి. నాకు ఎనభై ఎనిమిది. సగటు ఎనభై తొమ్మిదిన్నర. ఆయనది మొదటి తరగతి. నేను తప్పాను.

సర్వరు గదిలో ఉన్నారంటే తిన్నగా వెళ్లి అడిగేశాను. "ఏంటి ఏసుదాసు గారూ, ఇదేం పనండీ?"

ఆయన తల పైకెత్తలేదు. "తప్పు రాద్దామనే కూర్చున్నానమ్మా, మా పిల్లల మీద ఒట్టు. మొదటి ప్రశ్న చూద్దును గదా, పోయిన నెల మన లాబులో కాలిపోయింది చూడండి స్విచ్చి, అచ్చం దాని గురించే. ఎందుకు కాలింది, కాలకుండా ఏం చెయ్యాలి అని. అది తెలిసి తెలిసి తప్పు ఎలా రాత్తామండీ? అదయ్యాక రెండోది. అలా అలా..."

"సమగ్ర పరీక్షలో కూడా ఇలాగే అయితే నా పనేం కావాలండీ?"

"ఖాళీ కాగితం ఇచ్చేత్తాను. అదైతే తప్పు రాసినట్టు కాదు గదా."

నిజం చెప్పొద్దూ, ఒక పూటంతా ఊరుకున్నాను. ఇస్తే ఇవ్వనీ అనుకున్నాను. సాయంత్రానికి సిగ్గేసింది. ఖాళీ కాగితమిస్తే ఆయన తప్పుతాడు. తప్పిన ఉద్యోగి అని ఆయన సర్వీసు పుస్తకంలో రాస్తారు. నాకు పాఠం చెప్పిన మనిషిని తొక్కి నేను మేస్టరుద్యోగం తెచ్చుకోవాలా? వద్దని చెప్పేశాను. పోనీ ఇద్దరం సమానంగా తెచ్చుకుందామా అంటే ఇద్దరికీ రెండో తరగతే. మూడో మనిషి ఎవరైనా, నిఖార్సుగా ఏమీ రానివాడు, కావాలి.

దేవుడు ఉన్నాడనిపించేలా ఆ నెలలోనే కాలేజీకి గుర్తింపు ఇచ్చే సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. కంప్యూటర్ విభాగాధిపతికి కంప్యూటర్‌లోనే ఎంటెక్ మొదటి తరగతి ఉండాలి, ఆగస్టులో తనిఖీకి వస్తాం అని. మరుసటి వారం కాలేజీ గేటుకి ఫ్లెక్సీ కట్టారు. "విద్యకు వయోపరిమితి లేదని చాటిన విభాగాధిపతి." అనుభవాన్ని దృష్టిలో పెట్టుకుని భూషణరావు గారిని నేరుగా సమగ్ర పరీక్షకే చేర్చుకున్నారు.

ఆయన మా పక్కన కూర్చుని వారం రోజులు చదువుకున్నారు. ప్రోగ్రాము కాగితం మీద రాసేవారు. పచ్చ సిరాతో కింద సంతకం పెట్టి, తేదీ వేసేవారు.

"ఇది పనిచేయునా, ఏసుదాసూ?"

"కంప్యూటర్లో ఎక్కించి చూత్తే తెలుత్తాదండి."

"ఎక్కించుట సిబ్బంది పని. నేను ఆమోదించాను. కావున పనిచేయును."

ఏసుదాసు గారూ నేనూ టీ కొట్టు దగ్గర నిలబడి ఎన్నాళ్లకో మనసారా నవ్వుకున్నాం. ఈ మహానుభావుడు సగటుని లాక్కెళ్లి తన భూగర్భంలో పాతిపెట్టేస్తాడు, మనిద్దరికీ మొదటి తరగతి ఖాయం అనుకున్నాం. ఇద్దరం ఒళ్లు దాచుకోకుండా చదివాం, ఒళ్లు దాచుకోకుండా రాశాం. పరీక్ష హాల్లో భూషణరావు గారు ఆరు అదనపు కాగితాలు తీసుకున్నారు. రెండు ప్రోగ్రాములు ఒకదాని కోసం ఒకటి ఆగిపోయి కదలకుండా ఉండటం గురించి అడిగిన ప్రశ్నకి, గోదావరి లోయలో రాతిపొరలు కదలకపోవడానికి గల కారణాల్ని పటం వేసి మరీ వివరించారు. నా బల్ల మీంచి కనిపించింది.

మార్కులు మాత్రం ఇలా వచ్చాయి. నాకు ఎనభై ఎనిమిది. ఏసుదాసు గారికి తొంభై. భూషణరావు గారికి తొంభై ఎనిమిది.

పేపర్లు దిద్దింది పూర్ణచంద్ర అనే కుర్ర లెక్చరర్. మా విభాగంలోనే భూషణరావు గారి కింద పనిచేస్తాడు. వెళ్లి అడిగితే బిక్కమొహం వేశాడు.

"పేపర్ల మీద పేర్లుండవు కదా మేడం, కోడ్ నంబర్లే. ఎవరిదేదో నాకు తెలీదు. పచ్చ సిరా ఎవరైనా వాడచ్చు. కానీ నాకు ఇల్లూ వాకిలీ ఉన్నాయి మేడం. ఆ రెండు మార్కులు కోసినందుకే రెండ్రోజులు అన్నం సయించలేదు."

ముగ్గురి సగటు తొంభై రెండు. అంటే నేనూ తప్పాను, ఏసుదాసు గారూ తప్పారు. రాళ్లు నెగ్గాయి.

కథ ఇక్కడితో ముగిసినా బాగుండేది. కానీ ఆ ఫలితం బయటికి రాలేదు. సమగ్ర పరీక్ష ఫలితాలు తయారు చేయడానికి ఒక ప్రోగ్రాము ఉంది. నిబంధన పద్నాలుగుని అక్షరం పొల్లు పోకుండా అందులో పెట్టారు. తప్పిన వాళ్ల పేర్లు కొట్టేసి, మిగిలిన వాళ్లకి మళ్లీ సగటు కట్టాలని ఒక ఉపనిబంధన. అలా మా ఇద్దరినీ కొట్టేసింది. భూషణరావు గారు ఒక్కరే మిగిలారు. ఆయన సగటు తొంభై ఎనిమిది, ఆయన మార్కులూ తొంభై ఎనిమిది. రెండో తరగతి. సంస్థ ప్రతిష్ఠ కోసం ఇంకో ఉపనిబంధన కూడా ఉంది. ఏ బ్యాచిలోనైనా ఒక్కరికీ మొదటి తరగతి రాకపోతే ఆ లెక్క చెల్లదు, మొదటినుంచి కట్టాలి. అది మొదటినుంచి కట్టింది. ముగ్గురం వచ్చాం, ఇద్దరం పోయాం, ఆయన మిగిలాడు, రెండో తరగతి, చెల్లదు, మళ్లీ మొదటినుంచి. గానుగెద్దులా మే నెలంతా తిరిగింది. జూన్ నెలంతా తిరిగింది.

భూషణరావు గారు ఏసుదాసు గారిని పిలిపించారు. "యంత్రములో ఏమి లోపము?"

"మిషను బంగారంలా ఉందండి. మీరు రాసిన రూలే తిరుగుతుందండి."

"నిబంధనలో లోపముండదు. యంత్రమును మార్చుడు."

కొత్త కంప్యూటరు తెప్పించారు. అది పాతదానికంటే వేగంగా తిరిగింది.

జూన్ ముప్పైన పాలిటెక్నిక్ ప్రిన్సిపాలు గారి దగ్గరికి, ఫలితాలు తయారవుతున్నాయని కాలేజీ ఇచ్చిన ఉత్తరం పట్టుకెళ్లాను. మంచాయనే. "నేనేం చెయ్యనమ్మా, తయారవుతున్న పట్టా అని ఉత్తర్వులో లేదు" అన్నారు. జూలైలో నా గంటలు పర్మనెంటు అయినవాళ్లకి ఇచ్చేశారు. ఆ రోజు బస్సులో ఊరొచ్చేదాకా ఏడ్చాను. పక్కనావిడ ఎవరైనా పోయారా అని అడిగింది. ఏం చెప్పాలో తెలియక అవునన్నాను.

ఆగస్టు తనిఖీకి వారం ముందు భూషణరావు గారికి కూడా పట్టా అవసరం గుర్తొచ్చింది. అప్పుడు మాత్రం ఒకే పూటలో ఉత్తర్వు వచ్చింది, పచ్చ సిరా సంతకంతో. "అనివార్య పరిస్థితుల దృష్ట్యా ఈ ఒక్క బ్యాచికి మాత్రము మార్కులను మార్కులుగానే పరిగణించవలెను. అరవై దాటిన వారందరికీ మొదటి తరగతి. ఈ సడలింపు ఇకముందు ఉదాహరణగా చూపరాదు." ముగ్గురికీ మొదటి తరగతి వచ్చింది. ఆయనకి బంగారు పతకం కూడా వచ్చింది. ఏసుదాసు గారు అసిస్టెంట్ ప్రొఫెసరు ఉద్యోగానికి అర్జీ పెట్టుకుంటే, తమరు లేనిదే లాబ్ నడవదు కనుక తమ సేవలను ఉన్నచోటనే గౌరవిస్తున్నామని శాలువా కప్పి పంపించారు.

నా చేతిలో మొదటి తరగతి పట్టా ఉంది, ఉద్యోగం లేదు. అప్పుడు పిలుపొచ్చింది.

"ఇట్టి సంకటము పునరావృతము కారాదు" అన్నారు భూషణరావు గారు. "అందుకే ఒక శాశ్వత పదవిని సృష్టించాము. తరగతి సమతుల్యతాధికారి. ప్రతి బ్యాచిలోనూ విద్యార్థిగా చేరి, అందరికంటె తక్కువ మార్కులు పొందవలెను. తద్వారా సగటు తగ్గి, తక్కిన వారు ఉత్తీర్ణులగుదురు. జీతము, పీఎఫ్, వేసవి సెలవులు గలవు. అర్హత, ఎంటెక్ మొదటి తరగతి."

"తప్పడానికి మొదటి తరగతి ఎందుకండీ?"

"తప్పు రాయుట అజ్ఞానులకు అప్పగించదగిన పని కాదమ్మా. వారు పొరపాటున ఒప్పు రాయు ప్రమాదమున్నది."

ఇంట్లో కూర్చుంటే ఎవరు పెడతారు? చేరాను. పర్మనెంటు.

ఇది నాకు మూడో బ్యాచి. పని కష్టమే. ఖాళీ కాగితం ఇవ్వకూడదు, సహజత్వం లేదని ఆడిట్ వాళ్లు అభ్యంతరం పెడతారు. ఇరవైకీ ముప్పైకీ మధ్య నిలబడాలి. ప్రతి ప్రశ్నకీ ముందు సరైన జవాబు మనసులో కట్టుకుని, తర్వాత దాన్ని జాగ్రత్తగా చెడగొట్టాలి. పిల్లల తల్లిదండ్రులు వచ్చి దణ్ణం పెట్టి వెళ్తుంటారు. మా పిల్లాడు మీ వల్లే గట్టెక్కాడు మేడం అంటారు. మొదట్లో మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. ఇప్పుడు కాఫీ ఇస్తున్నాను.

పోయిన నెల మాత్రం పొరపాటు జరిగింది. బ్యాచిలో ఇద్దరున్నారు. ఒకరికి డెబ్భై, ఇంకొకరికి యాభై అయిదు. నాకు అరవై రెండు. సగటు అరవై రెండు దాటిపోయి, యాభై అయిదు వచ్చిన అబ్బాయి తప్పాడు. విధి నిర్వహణలో నిర్లక్ష్యం వహించి ఒక విద్యార్థి భవిష్యత్తుకు భంగం కలిగించినందుకు మీపై చర్య ఏల తీసుకొనరాదో తెలుపవలసిందిగా మెమో ఇచ్చారు. నిన్న జవాబు రాసిచ్చాను.

"అయ్యా, జరిగిన దానికి చింతిస్తున్నాను. ఆ అబ్బాయితో పాటు సప్లిమెంటరీకి కూర్చుని పదిహేను దాటకుండా తెచ్చుకుంటాను. ఆ రోజు మొదటి ప్రశ్న, చాలా ఊళ్లూ చాలా దారులూ ఉన్నప్పుడు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి అన్నిటికంటే దగ్గరి దారి కనుక్కునే పద్ధతి గురించి. ఆ పద్ధతంటే నాకు చాలా ఇష్టం. బొమ్మ వేసి రాయడం మొదలుపెట్టాను. అది అయ్యాక మిగతావి కూడా వరసగా రాసేశాను. గంట కొట్టి కాగితాలు లాక్కునేదాకా, నేను ఉద్యోగంలో ఉన్న సంగతి నాకు గుర్తు రాలేదు."